నాలుగేళ్లు గిటార్ వాయించాను, అమ్మ పాటకు ఒక్క కార్డ్ దొరకలేదు: ఇక్కడి నుంచి ఎదగడం ఎలా?

ఆరుతీగలు (మియాపూర్) | జూన్ 14, రాత్రి 10:35

సభ్యులందరికీ నమస్కారం. నా వయసు 31. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. నాలుగేళ్ల క్రితం గిటార్ కొని, మొదటి ఏడాదిన్నర ఒక శిక్షణ కేంద్రంలోనూ, తర్వాత వీడియోలు చూస్తూ ఇంట్లోనూ నేర్చుకున్నాను. ఇప్పటికి సుమారు 60 సినిమా పాటలకు కార్డ్‌లు (కొన్ని స్వరాలు కలిసి పలికేలా తీగలను నొక్కే అమరికలు) వాయించగలను. ఒకే వేలితో తీగలన్నీ నొక్కే బారె కార్డ్‌లు కూడా పట్టగలను. స్నేహితులు పాడుతుంటే, ఫోన్‌లో కార్డ్‌లు ఎదురుగా ఉంటే, ఎక్కడా ఆగకుండా వాయిస్తాను.

గత నెల మా పిన్ని కూతురి పెళ్లిలో అప్పగింతల వేళ మా అమ్మ ఒక పాట అందుకుంది. అది మా అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నది. గిటార్ నా చేతిలోనే ఉంది. "నువ్వూ వాయించరా" అని మా మావయ్య అన్నాడు. ఏ తీగ మీద చెయ్యి వేయాలో నాకు తెలియలేదు. ఫోన్‌లో వెతుకుదామంటే అలాంటి పాటకు కార్డ్‌లు ఎవరు రాసి పెడతారు? చిన్నప్పటి నుంచి వందసార్లు విన్న పాట, అందులో నాలుగైదు స్వరాలకు మించి ఉండవేమో కూడా, అయినా పాట పూర్తయ్యేదాకా గిటార్ పట్టుకుని ఊరికే నిలబడ్డాను. ఆ రోజు నుంచి నాకు వచ్చినది సంగీతమా, లేక వేళ్లు పెట్టే చోట్ల జాబితానా అన్న ప్రశ్న నన్ను వదలడం లేదు.

నాకు రోజుకు 45 నిమిషాలు దొరుకుతాయి. పాశ్చాత్య సంగీతంలో ట్రినిటీ గ్రేడ్ పరీక్షలకు కూర్చోవాలా, కర్ణాటక సంగీతం మొదటి నుంచి నేర్చుకోవాలా, ఇంకా మంచి గిటార్ కొనాలా? ఈ దారిలో నడిచినవారు చెబితే వింటాను.

---

మెట్లవీణ (రాంకోఠి) | జూన్ 15, ఉదయం 6:20

ఆరుతీగలు గారూ, మీ ప్రశ్న రాత్రే చదివాను కానీ తెల్లవారాక స్థిమితంగా రాద్దామని ఆగాను. నేను పాతికేళ్లుగా పిల్లలకు వీణ నేర్పుతున్నాను. గిటార్ నా వాద్యం కాదు, అయినా మెట్లున్న (తీగల కింద అడ్డంగా ఉండే పట్టీలు, మీ ఫ్రెట్లు) వాద్యాలన్నిటికీ ఉండే ఒక ఇబ్బంది మీ మాటల్లో నాకు కనిపించింది. వేలు సరైన మెట్టు మీద పడితే స్వరం దానంతట అదే పలుకుతుంది. ఆ స్వరాన్ని ముందుగా మనసులో వినవలసిన అవసరం వాద్యం మనకు కల్పించదు. వయొలిన్ నేర్చుకునే పిల్లవాడు చెవి పెట్టకపోతే మొదటి రోజే అపస్వరం పలుకుతుంది, అందుకని చెవి తెరుచుకుంటుంది. మెట్లున్న వాద్యం మీద చెవి మూసుకుని కూడా ఏళ్ల తరబడి నెట్టుకురావచ్చు.

అందువల్ల మీరు నేటి నుంచి చేయవలసింది ఒకటే: గొంతుతో పాడనిది తీగ మీద వాయించకండి. గొంతు బాగుండనక్కరలేదు, స్వరస్థానం నిలిస్తే చాలు. మాండొలిన్ శ్రీనివాస్ గారి విద్యాభ్యాసం మీకు తెలిసే ఉంటుంది. 1969లో పాలకొల్లులో పుట్టిన ఆయనకు గురువైన రుద్రరాజు సుబ్బరాజు గారు కర్ణాటక గాయకులు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు, గాత్ర విద్వాంసులు. ఆ గురువుకు మాండొలిన్ వాయించడం రాదు. గురువు పాడేవారు, శిష్యుడు విన్నదాన్ని తీగ మీద వెతుక్కుని పలికించేవాడు. వేలు ఎక్కడ పెట్టాలో చెప్పేవారు లేకపోవడమే శ్రీనివాస్ గారికి కలిసివచ్చిందని నేను నమ్ముతాను.

మోహన రాగంతో మొదలుపెట్టండి. స రి గ ప ద, అయిదే స్వరాలు. మీ గిటార్‌లో (సన్న తీగ నుంచి లెక్కిస్తే) రెండో తీగ మీద 1వ మెట్టును షడ్జమం అనుకుంటే 3 రిషభం, 5 గాంధారం, 8 పంచమం, 10 ధైవతం, 13 పై షడ్జమం. ఒకే తీగ మీద వాయించమనడానికి కారణం ఉంది. తీగలు మారుతూ వాయిస్తే స్వరాల మధ్య దూరాలు కంటికి కనిపించవు, వేళ్ల అమరిక ఒక్కటే గుర్తుండిపోతుంది. ఒకే తీగ మీద గాంధారం నుంచి పంచమానికి మూడు మెట్ల దూకుడు ఉందని చేతికీ, కంటికీ, చెవికీ ఒకేసారి తెలుస్తుంది. పాడండి, ఆ తర్వాత వాయించండి, మళ్లీ పాడండి. నెల రోజులు ఇంతే.

వేళ్లకు పని కావాలనుకుంటే మాయామాళవగౌళ రాగంలో సరళీ వరుసలు (కర్ణాటక సంగీతపు తొలి పాఠాలు) మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో, సాధన చేయండి. అయిదో తీగ 3, 4 మెట్ల మీద స, రి. నాలుగో తీగ 2, 3, 5 మెట్ల మీద గ, మ, ప. మూడో తీగ 1, 4, 5 మెట్ల మీద ద, ని, స దొరుకుతాయి. ఒకటో మెట్టు నుంచి నాలుగో మెట్టుకు చెయ్యి సాగడం మొదట్లో కష్టంగా ఉంటుంది. కష్టమైనంత మాత్రాన తొందరపడవద్దు.

---

సెషన్‌గిటార్ (కృష్ణానగర్) | జూన్ 15, మధ్యాహ్నం 2:10

మెట్లవీణ గారు చెప్పినదాన్ని గౌరవిస్తూనే ఒక విషయంలో విభేదిస్తున్నాను. చెవి ముఖ్యమే, కానీ ఆరుతీగలు గారు "ఎక్కడా ఆగకుండా వాయిస్తాను" అన్న మాట దగ్గరే నాకు అనుమానం కలిగింది. పదిహేనేళ్లుగా స్టూడియోల్లో వాయిస్తున్నాను. కొత్తగా వచ్చే కుర్రవాళ్లలో స్వరం తప్పేవారు తక్కువ, లయ జారేవారు ఎక్కువ. జారిన సంగతి వాళ్లకు తెలియకపోవడం ఇంకా పెద్ద సమస్య.

ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. లయను టిక్ టిక్‌మని లెక్కపెట్టే మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 దెబ్బల దగ్గర పెట్టి సి, జి, ఏ మైనర్, ఎఫ్ కార్డ్‌లను రెండు నిమిషాలు వాయించి ఫోన్‌లో రికార్డు చేయండి. అదే రోజు వినకండి, మర్నాడు వినండి. ఎఫ్ రాబోతున్నప్పుడు దానికి ముందున్న ఏ మైనర్ చివరి స్ట్రోక్ తొందరపడుతుందని పందెం కాయగలను. కష్టమైన కార్డ్ కోసం చెయ్యి ముందే లేస్తుంది, ఆ భయం కుడిచేతికి పాకుతుంది. దీనికి విరుగుడుగా ఎడమచేత్తో తీగలను తేలికగా తాకి మూసేసి, కార్డ్ లేకుండా కుడిచేత్తో లయ ఒక్కటే వాయించాలి. అది కుదిరాక మెట్రోనోమ్‌ను సగానికి తగ్గించి, ఆ చప్పుడు రెండో, నాలుగో దెబ్బల మీద పడుతోందని అనుకుని వాయించండి. ఒకటో దెబ్బను మీరే మోయాలి. మొదటి వారం చికాకు పుడుతుంది, మూడో వారానికి భుజాల బిగువు వదులుతుంది.

ఇక శ్రుతి సంగతి. మీ అమ్మగారు ఏ శ్రుతిలో పాడతారో మీకు తెలుసా? మన కర్ణాటక సంగీతపు శ్రుతి లెక్కలో ఒకటి అంటే సి, రెండు డి, అయిదు జి. మగవారు ఎక్కువగా ఒకటి నుంచి రెండు మధ్య, ఆడవారు అయిదు, అయిదున్నర దగ్గర పాడతారు, వయసుతో అది దిగుతుంది. పాడేవారు శ్రుతి అందుకున్న క్షణంలో దానికి తగిన కాపో (తీగలన్నిటినీ ఒక మెట్టు మీద నొక్కి పట్టే క్లిప్పు) స్థానం మీకు తట్టాలి. కార్డ్‌లను పేర్లతో కాక, షడ్జమం నుంచి లెక్కించి ఒకటి, నాలుగు, అయిదు, ఆరు అని స్థానాలతో గుర్తుపెట్టుకోవడం మొదలుపెట్టండి. మీకు వచ్చిన 60 పాటలను అలా రాసి చూసుకుంటే సగానికి పైగా ఒకే నాలుగైదు వరుసల్లో ఇమిడిపోవడం కనిపిస్తుంది.

గిటార్ వాయించేవాడిగా మొదలై సంగీతం మొత్తాన్ని చూడగలగడానికి ఇళయరాజా గారి కంటే పెద్ద ఉదాహరణ మన దక్షిణాదిలో లేదు. మద్రాసులో సెషన్ గిటారిస్టుగా (ఇతరుల రికార్డింగ్‌లకు వాయిస్తూ) పనిచేస్తూ, సంగీత దర్శకుడు జి.కె. వెంకటేష్ గారి దగ్గర సహాయకుడిగా ఉంటూ ఆయన నేర్చుకున్నారు. ఇతరుల పాటలకు వాయిస్తున్నప్పుడు కూడా పక్కన వయొలిన్లు ఏం చేస్తున్నాయో వినేవాడే ఎదుగుతాడు.

---

చెక్కపని (సికింద్రాబాద్) | జూన్ 15, సాయంత్రం 7:45

గిటార్‌లు బాగుచేయడం నా వృత్తి. కొత్త గిటార్ కొనే ముందు మీ దగ్గరున్నది ఒకసారి చూసుకోండి. 12వ మెట్టు దగ్గర మెట్టుకూ తీగకూ మధ్య ఎడం లావు తీగ వైపు సుమారు 2.5 మిల్లీమీటర్లు, సన్న తీగ వైపు 2 మిల్లీమీటర్లు ఉంటే సాధారణంగా చేతికి సుఖంగా ఉంటుంది. ఎఫ్ కార్డ్ బాధిస్తుంటే కాపోను మొదటి మెట్టు మీద పెట్టి అదే ఆకారాన్ని ఒక మెట్టు పైన పట్టి చూడండి. అక్కడ బాగా తేలికగా అనిపిస్తే లోపం మీ వేళ్లది కాదు. తల దగ్గరుండే నట్‌లో గాడులు సరిపడా లోతుగా లేవన్నమాట. అది చిన్న పని, దానికి కొత్త గిటార్ అక్కరలేదు.

మన హైదరాబాద్ ఎండలకు ఏప్రిల్, మే నెలల్లో చెక్క ఆరి కుంచించుకుపోతుంది. తీగలు కిందికి దిగి గరగరమంటాయి, మెట్ల అంచులు చేతికి గుచ్చుకుంటాయి. వానలు పడ్డాక పై చెక్క ఉబ్బి తీగలు లేస్తాయి. ఇప్పుడు జూన్ కాబట్టి ఈ రెండింటి మధ్యలో ఉన్నాం. జూలై దాటాక సరిచేయించుకోవడం మేలు. ఒక సెట్టు ఉక్కు తీగల బిగువు మొత్తం కలిపి సుమారు 70 కిలోలు ఉంటుంది. అంత బరువును పలుచని చెక్క రాత్రింబవళ్లు మోస్తోందని గుర్తుంచుకుని, కారు డిక్కీలో మాత్రం వదిలివెళ్లకండి.

---

ఆలస్యవిద్యార్థి (మల్కాజిగిరి) | జూన్ 16, రాత్రి 9:05

నాకు 52 ఏళ్లు, గిటార్ పట్టి మూడేళ్లు. 45 నిమిషాలు ఒకేసారి కూర్చోకండి బాబూ. ఉదయం 15, భోజనాల ముందు 15, పడుకునే ముందు 15 నిమిషాలు చేస్తే నాకు ఎక్కువ నిలిచింది. మొదటి ఏడాది మణికట్టు నొప్పిని లెక్కచేయక, సాధన అంటే ఓర్చుకోవడమే అనుకుని వాయించి, రెండు నెలలు మానుకోవలసి వచ్చింది. వేలి కొసల మంట సహజం, అది తగ్గుతుంది. మణికట్టులోనో, ముంజేతిలోనో నొప్పి పుడితే ఆ రోజుకు ఆపేయాలి.

---

ఆరుతీగలు (మియాపూర్) | జూలై 6, రాత్రి 11:15

మూడు వారాలైంది, కాబట్టి చెప్పుకోదగినది కొంత ఉంది. సెషన్‌గిటార్ గారు గెలిచారు. రికార్డు విని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎఫ్‌కు ముందే కాదు, జి నుంచి ఏ మైనర్‌కు మారేటప్పుడు కూడా తొందరపడుతున్నాను. నాలుగేళ్లుగా ఇలాగే వాయిస్తున్నానన్నమాట.

మోహన ఒకే తీగ మీద కుదురుతోంది. కానీ ఒక సందేహం వచ్చింది. ఫోన్‌లో తంబుర యాప్ పెట్టుకుని, షడ్జమం, పంచమం వాయిస్తే కలిసిపోతున్నాయి, గాంధారం మాత్రం కాస్త పైకి ఉన్నట్టు అనిపిస్తోంది. ట్యూనర్ సరిగానే ఉందంటోంది. నా చెవి చెడిందా, గిటార్ చెడిందా?

---

మెట్లవీణ (రాంకోఠి) | జూలై 7, ఉదయం 6:05

మీ చెవి తెరుచుకుంది! ఈ ప్రశ్న చదివి నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. తంబురలో మంద్ర షడ్జమం (కింది స) తీగను మీటినప్పుడు దానిలోంచే మోహనలో మీరు వాయించే అంతర గాంధారం సన్నగా వినిపిస్తుంది, దాన్ని స్వయంభూ గాంధారం అంటాం. మీ గిటార్ మెట్లు స నుంచి పై స వరకు ఉండే అష్టకాన్ని 12 సమాన భాగాలుగా పంచి వేసినవి. ఆ పంపకంలో గాంధారం తంబుర పలికించే సహజ స్థానం కంటే కొద్దిగా పైన పడుతుంది. ఒక మెట్టు దూరాన్ని, అంటే అర్ధస్వరాన్ని, 100 భాగాలు చేస్తే సుమారు 14 భాగాల తేడా. పంచమానికి తేడా రెండు భాగాలే కాబట్టి అది కలిసిపోయినట్టు వినిపించింది. మీరు పాడేటప్పుడు తంబుర గాంధారానికే పాడండి, గిటార్ గాంధారానికి గొంతును లొంగదీయకండి.

---

సెషన్‌గిటార్ (కృష్ణానగర్) | జూలై 7, సాయంత్రం 4:30

దీనికి ఒక జాగ్రత్త జోడిస్తాను. ఈ తేడా విన్న ఉత్సాహంలో చాలామంది జి కార్డ్ తీయగా పలకాలని రెండో తీగను కాస్త దించుతారు. అప్పుడు జి కార్డ్ అద్భుతంగా ఉంటుంది, వెంటనే ఇ కార్డ్ పడితే అదే తీగ పంచమం కావలసి వచ్చి బేసురుగా వినిపిస్తుంది. అన్ని కార్డ్‌లూ వాయించాలంటే ఆ కొద్దిపాటి రాజీ తప్పదు. గొంతు మాత్రం మెట్లవీణ గారు చెప్పినట్టే స్వేచ్ఛగా ఉండాలి.

---

కోయిర్‌గిటార్ (సికింద్రాబాద్) | జూలై 9, రాత్రి 8:50

ఇక్కడ అందరూ ఒంటరి సాధన గురించే రాశారు. నేను పన్నెండేళ్ల వయసు నుంచి చర్చి గాయకబృందంలో వాయిస్తున్నాను. నాకు వచ్చిన సంగీతంలో ఎక్కువ భాగం అక్కడే వచ్చింది. పియానో, బాస్ గిటార్, నలభై గొంతులు ఉన్నచోట నేను ఆరు తీగలూ నిండుగా కొడుతుంటే మా బృంద నాయకురాలు ఒకరోజు ఆపించి, "ఈ చరణమంతా నువ్వు వాయించకు, విను" అన్నారు. అప్పుడు బాస్ గిటార్ కింది స్వరాన్ని ఇప్పటికే పలుకుతోందని, పియానో మధ్య భాగాన్ని నింపిందని తెలిసింది. నాకు మిగిలింది పై మూడు తీగలు, అది కూడా వాక్యం ముగిసిన చోట మాత్రమే. అప్పటి నుంచి ఏ పాటలోనైనా నాకు చోటు ఎక్కడుందో ముందు వెతుక్కుంటాను.

ఆరుతీగలు గారూ, మీకు తోడు కావాలి. బంజారాహిల్స్‌లో లామకాన్ అనే సాంస్కృతిక వేదిక ఉంది, అక్కడ ఓపెన్ మైక్ (ఎవరైనా వేదికెక్కి పాడే) రోజున వెళ్లి మొదట వినండి. చిక్కడపల్లి త్యాగరాయ గానసభకు వెళ్లి, గాయకుడు కొత్త సంగతి (అదే పాదాన్ని కొత్తగా మలిచి పాడటం) వేసినప్పుడు వయొలిన్ విద్వాంసుడు దాన్ని ఎలా అందుకుంటాడో గమనించండి. మీ అమ్మగారి పాటకు మీరు చేయవలసింది కూడా అదే పని.

గ్రేడ్ పరీక్షల మాట ఎవరూ ఎత్తలేదు కాబట్టి చెబుతున్నాను. అవి క్రమశిక్షణ నేర్పుతాయి, నొటేషన్ చదవడం వస్తుంది. నేను కొన్ని రాశాను, పశ్చాత్తాపం లేదు. కాకపోతే మీ అసలు ప్రశ్న వాటితో తీరదు.

---

ఆరుతీగలు (మియాపూర్) | సెప్టెంబర్ 21, మధ్యాహ్నం 12:40

అందరికీ చెప్పవలసిన విషయం ఉండి రాస్తున్నాను. పోయిన వారం అమ్మ మా ఇంటికి వచ్చింది. ఆ అప్పగింతల పాటను పాడించి ఫోన్‌లో రికార్డు చేసుకున్నాను. గిటార్ ముట్టకుండా రెండు రోజులు దానితోపాటు పాడాను, మెట్రో రైల్లో కూడా లోగొంతుకతో అదే. మూడో రోజు రెండో తీగ మీద వెతికాను. ఆమె శ్రుతి నాలుగున్నర అని తేలింది. ఆరో మెట్టు మీద కాపో పెట్టుకుంటే సి కార్డ్ ఆకారం ఆమె షడ్జమానికి సరిపోయింది.

పాట మోహనలాగే మొదలవుతుంది. మోహనలోని అయిదు స్వరాలతో పూర్తిగా ఏర్పడే మూడు స్వరాల మేజర్, మైనర్ కార్డ్‌లు ఒకటి మేజర్, ఆరు మైనర్ రెండేనని కాగితం మీద రాసుకుని చూస్తే తెలిసింది. అంటే సి, ఏ మైనర్ ఆకారాలు. వాటితో పల్లవి మొత్తం హాయిగా నడిచింది. కానీ "అత్తవారింటికి" అనే మాట దగ్గర రెండూ నప్పలేదు. పదిసార్లు విన్నాక, అమ్మ పై నుంచి దిగేటప్పుడు నిషాదాన్ని తాకుతోందని, ఆ తర్వాత మధ్యమం కూడా వస్తోందని పట్టుకోగలిగాను. అక్కడ జి కార్డ్ ఆకారం వేస్తే కుదిరినట్టే ఉంది. ఇది సరైనదేనా, లేక రాగాన్ని పాడుచేస్తున్నానా అన్న భయం మాత్రం ఉంది.

అమ్మతో కలిసి ఒకసారి మొదటి నుంచి చివరి దాకా వాయించాను. పాట అయ్యాక అమ్మ ఏమీ అనలేదు, రెండో చరణం ఇంకోసారి పాడదామంది.

---

మెట్లవీణ (రాంకోఠి) | సెప్టెంబర్ 21, సాయంత్రం 5:55

ఎక్కేటప్పుడు మోహన, దిగేటప్పుడు నిషాద మధ్యమాలు వస్తే అది బిలహరి రాగ ఛాయ. శాస్త్రీయంగా నేర్చుకోని ఇల్లాళ్లు తరతరాలుగా పాడుకున్న పాటల్లో రాగం ఇలాగే దాగి ఉంటుంది. శుద్ధ మోహనలో జి కార్డ్ వేస్తే అందులోని నిషాదం రాగానికి పరాయిదని నేను అభ్యంతరం చెప్పేదాన్ని. ఇక్కడ ఆ నిషాదం మీ అమ్మగారే ఇచ్చారు కాబట్టి నాకు అభ్యంతరం లేదు. ఒక్కటే మాట: ఆమె నిషాదాన్ని తాకి వెంటనే ధైవతానికి జారుతున్నట్టయితే మీరు కార్డ్‌ను మోగిస్తూ ఉంచకండి, తీగలను వెంటనే అరచేత్తో ఆపండి. స్వరం ఆమె గొంతులో ముగిశాక మీ తీగలో మిగిలిపోకూడదు.

---

సెషన్‌గిటార్ (కృష్ణానగర్) | సెప్టెంబర్ 21, రాత్రి 10:20

ఆ మాట దగ్గర ఆరు తీగలూ కొట్టకుండా నాలుగో తీగను, మూడో తీగను వేలితో నొక్కకుండా మీటి చూడండి, రిషభ పంచమాలు రెండే పలుకుతాయి. నిషాదం అమ్మగారికే వదిలేసినట్టవుతుంది. నాకు అదే ఎక్కువ నచ్చుతుందనుకుంటున్నాను, విన్నాక చెబుతాను. రికార్డు పంపగలరా?

---

ఆరుతీగలు (మియాపూర్) | సెప్టెంబర్ 22, ఉదయం 7:10

అమ్మను అడిగాను. రికార్డు బయటకు పంపడం ఆమెకు ఇష్టం లేదు, ఎవరైనా ఇంటికి వస్తే పాడుతానంది. దసరా దాకా ఇక్కడే ఉంటుంది. వచ్చే ఆదివారం ఉదయం పదకొండు గంటలకు మెట్లవీణ గారికి, సెషన్‌గిటార్ గారికి, వీలున్న మిగతావారికి కూడా మా ఇంట్లో భోజనం. చిరునామా విడిగా పంపిస్తాను. మెట్లవీణ గారూ, వీణ తీసుకువచ్చేటట్టయితే శ్రుతి నాలుగున్నర.